టైర్లలో నైట్రోజనా, మామూలు గాలా? ఓరుగల్లు వాహనదారులకు సమగ్ర మార్గదర్శి

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో చాలా పెట్రోలు బంకుల దగ్గర ఇప్పుడు రెండు గొట్టాలు కనిపిస్తాయి. ఒకటి మామూలు గాలిది. దాన్ని వాహనదారులకు ఉచితంగా ఇవ్వాలని చమురు కంపెనీల నిబంధనలే చెబుతున్నాయి. రెండోది నైట్రోజన్‌ది, దానికి టైరుకింత అని రుసుము. టైరు పేలదు, మైలేజీ పెరుగుతుంది, ఎండకు గాలి ఉబ్బదు, నెలల తరబడి చూసుకోనక్కరలేదు అని దాని ప్రచారం. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ చెప్పినంత నిజం కాదు. అలాగని నైట్రోజన్ ఒట్టి బూటకమూ కాదు. ఏ వాహనానికి అది పనికొస్తుంది, దేనికి దండగ, నింపించుకునేటప్పుడు ఏం అడగాలి, ఉచిత గాలితో సరిపెట్టుకునేవారు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్నవి వరుసగా చూద్దాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డబ్బు పెట్టి నైట్రోజన్ నింపించి ఆరు నెలలు దాని మొహం చూడని కారు కన్నా, ఉచిత గాలిని పదిహేను రోజులకోసారి సరిచూసుకునే ఆటో టైర్లే ఎక్కువ కాలం మన్నుతాయి.

ప్రచారంలో నిజమెంత

మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. ఆక్సిజన్ 21 శాతం, మిగిలిన ఒక్క శాతం ఆర్గాన్ వగైరా. అంటే ఉచిత గాలి కొట్టించుకున్నా టైరులో ముప్పాతిక వంతుకు పైగా నైట్రోజన్ చేరినట్టే. మీరు డబ్బు ఇస్తున్నది ఆ 21 శాతాన్ని తగ్గించడానికి. దుకాణంలోని యంత్రం పని కూడా అంతే. బయటి గాలినే లోపలికి లాక్కుని, ఆక్సిజన్‌ను, తేమను వేరుచేసి, 95 శాతానికి పైబడిన నైట్రోజన్‌ను ట్యాంకులోకి పంపుతుంది.

గాలి నెమ్మదిగా దిగుతుందన్న మాటలో నిజముంది. చేతికి ఎంత గట్టిగా తగిలినా, వాయువులకు రబ్బరు సన్నటి జల్లెడ లాంటిదే. అందులోంచి ఆక్సిజన్ నైట్రోజన్ కన్నా మూడు నాలుగు రెట్లు వేగంగా బయటికి పోతుంది. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2006-07లో దీన్ని పరీక్షించింది. 31 రకాల టైర్లను జతలుగా తీసుకుని, ఒకదానిలో గాలి, ఇంకోదానిలో నైట్రోజన్ 30 పీఎస్‌ఐ (టైరులోని పీడనాన్ని చెప్పే కొలత) వరకు నింపి ఏడాది పాటు ఆరుబయట ఉంచింది. ఏడాది తర్వాత కొలిస్తే గాలి టైర్లలో సగటున 3.5, నైట్రోజన్ టైర్లలో 2.2 పీఎస్‌ఐ తగ్గింది. పన్నెండు నెలలకు తేడా 1.3. నైట్రోజన్ కూడా దిగిందన్నది ఇక్కడ మరిచిపోకూడని సంగతి. ‘చూసుకోనక్కరలేదు’ అన్న హామీ ఇక్కడే వీగిపోతుంది.

మైలేజీ సంగతి లెక్క కట్టి చూడండి. నాలుగు టైర్లలో సగటున ఒక్క పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతూ లీటరుకు 18 ఇచ్చే కారు ఏడాదికి దాదాపు 670 లీటర్లు తాగుతుంది. ఏడాది పొడవునా టైర్లను ముట్టుకోకుండా తిప్పినా, పైన చెప్పిన తేడా వల్ల నైట్రోజన్ మిగిల్చేది ఒక్క లీటరు కూడా నిండదు. నెలకోసారి గాలి చూసుకునేవారికి ఆ కాస్తా మిగలదు.

‘నైట్రోజన్ ఎండకు ఉబ్బదు’ అన్నది మన ప్రాంతంలో అన్నిటికన్నా గట్టిగా నాటుకుపోయిన నమ్మకం. మే నెలలో రామగుండం, ఆదిలాబాద్ ఎండ చూసినవారికి ఆ మాట మీద ఆశ పుట్టడం సహజమే. కానీ ఇంటర్ ఫిజిక్సు గుర్తున్నవారు ఎవరైనా దాన్ని కాగితం మీద కొట్టేయగలరు. ఘనపరిమాణం మారనప్పుడు వాయువు పీడనం ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుంది. అది నైట్రోజనా, ఆక్సిజనా, రెండూ కలిసిన గాలా అన్నదానితో నిమిత్తం లేదు. మామూలు కారు టైరులో ప్రతి 10 డిగ్రీలకు సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ మారుతుంది. పొద్దున 30 డిగ్రీలప్పుడు 32 ఉన్న టైరు, రాజీవ్ రహదారి మీద పరుగెత్తి లోపల 60 డిగ్రీలకు చేరితే 36, 37 మధ్య చూపిస్తుంది. తిరగేసి చూస్తే, మే మధ్యాహ్నం 43 డిగ్రీలప్పుడు 32 కొట్టించి వదిలేసిన కారు, పిసరు గాలి బయటికి పోకపోయినా, డిసెంబరు తెల్లవారుజామున 10 డిగ్రీల చలిలో 27 దగ్గర ఉంటుంది. లోపల నైట్రోజన్ ఉన్నా ఈ అంకెలు మారవు.

మరి ఆ నమ్మకం గాలిలోంచి ఊడిపడిందా? లేదు, తేమలోంచి పుట్టింది. వర్షాకాలంలో 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి 30 గ్రాముల దాకా నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. ఆ గాలిని కంప్రెసర్ నొక్కి పెట్టినప్పుడు ఆవిరి నీరై ట్యాంకు అడుగున చేరుతుంది. రోజూ ఆ నీటిని వదిలెయ్యకపోతే గొట్టం గుండా టైరులోకి వస్తుంది. టైరులో ఒక చెంచాడు నీరుంటే చాలు, 30 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కేసరికి అది ఆవిరై, పొడి గాలి పెరిగే దానికి పైన మరో 2 పీఎస్‌ఐకి పైగా కలుపుతుంది. నైట్రోజన్ పొడిగా వస్తుంది కాబట్టి ఈ అదనపు పెరుగుదల ఉండదు. పొడి గాలి నింపినా ఉండదు.

‘విమానాల్లో అదే వాడతారు కదా’ అన్నది దుకాణదారు చివరి అస్త్రం. నిజమే, వాడతారు. 1986 మార్చి 31న మెక్సికోలో బోయింగ్ 727 విమానం ఒకటి ఎగిరిన కొద్దిసేపటికే కూలి 167 మంది చనిపోయారు. బ్రేకు విపరీతంగా వేడెక్కి, నైట్రోజన్‌కు బదులు మామూలు గాలి నింపిన టైరు పేలి, ఇంధన గొట్టాలను, హైడ్రాలిక్ గొట్టాలను తెంపేసింది. ఇప్పుడు అమెరికా నిబంధనల ప్రకారం పెద్ద విమానాల్లో బ్రేకులుండే చక్రాల టైర్లలో ఆక్సిజన్ 5 శాతం మించకూడదు. ఓపెన్‌కాస్ట్ గనుల భారీ డంపర్లకు నైట్రోజన్ మంచిదని చెప్పడం వెనుక కారణమూ ఇదే. అంతటి వేడికి రబ్బరు లోపల విచ్ఛిన్నమై మండే ఆవిర్లు వస్తాయి, వాటికి ఆక్సిజన్ తోడైతే పేలుడు జరుగుతుంది. హనుమకొండ నుంచి జనగామ వెళ్లే కారు టైరు ఆ వేడికి చేరదు. మన రోడ్ల మీద టైర్లు పేలేది గాలి తక్కువై, బరువు ఎక్కువై, టైరు పాతబడి, పక్కగోడకు రాయి కోసుకుని. వీటిలో ఏ ఒక్కదాన్నీ నైట్రోజన్ ఆపలేదు.

మొదటి మెట్టు: మీ వాహనానికి చెప్పిన అంకె వెతకండి

కారుకైతే డ్రైవరు తలుపు తెరిచినప్పుడు కనిపించే అంచు మీద, కొన్నిటికి పెట్రోలు మూత లోపల, ఒక చిన్న పట్టిక అంటించి ఉంటుంది. ముందు టైర్లకు ఎంత, వెనుక టైర్లకు ఎంత, నిండా మనుషులూ సామానూ ఉన్నప్పుడు ఎంత అని అందులో వేర్వేరుగా రాసి ఉంటుంది. బైకులకు చైను కవరు మీదనో ఆ పక్కనో ఉంటుంది, వెనుక మనిషి కూర్చున్నప్పటి అంకె విడిగా ఇస్తారు. పట్టిక చెరిగిపోతే వాహనంతో వచ్చిన పుస్తకం చూడండి.

టైరు పక్కగోడ మీద అచ్చుపోసిన అంకెను పట్టుకోకండి. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనం, మీ కారుకు కావలసినది కాదు. ‘అన్నా, ముప్పై ఐదు పెట్టనా?’ అని బంకులో కుర్రాడు ప్రతి కారునూ అదే మాట అడుగుతుంటాడు. ముందు నిలబడిన ఆల్టోకూ వెనక ఉన్న ఇన్నోవాకూ ఒకే అంకె. అతన్ని తప్పుపట్టి లాభం లేదు, మన అంకె మనకు నోటికి రావాలి. ఫోనులో ఆ పట్టికను ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

పీడనం కొలిచే కొన్ని గేజీల మీద అంకె బార్‌లలో ఉంటుంది. ఒక బార్ అంటే 14.5 పీఎస్‌ఐ. 2.2 బార్ అంటే 32 అన్నమాట.

రెండో మెట్టు: సొంత గేజీ కొనండి

నైట్రోజన్ మీద పెట్టే డబ్బును ముందు దీని మీద పెట్టండి. బంకుల్లో గేజీలు రోజూ వందల టైర్లకు వాడి, కింద పడి, ఎండలో ఎండి ఉంటాయి. రెండు బంకుల మధ్య రెండు మూడు పీఎస్‌ఐ తేడా రావడం వింత కాదు. మీ గేజీ కూడా ఒక పీఎస్‌ఐ అటూ ఇటూ చూపించవచ్చు. ఫరవాలేదు, ఎప్పుడూ ఒకే గేజీతో చూస్తారు కాబట్టి తగ్గిందో పెరిగిందో తెలిసిపోతుంది. ముల్లు తిరిగే గేజీ అయినా, అంకెలు చూపే బ్యాటరీ గేజీ అయినా సరే. ముల్లు గేజీని డిక్కీలో జాకీ కింద పడేయకండి.

మూడో మెట్టు: చల్లగా ఉన్నప్పుడే కొలవండి

పట్టికలో ఉన్న అంకె చల్లని టైరుకు. కనీసం మూడు గంటలు ఆగి ఉన్న బండి, లేదా మహా అయితే ఒకటిన్నర కిలోమీటరు నెమ్మదిగా నడిచిన బండి, దాన్నే చల్లని టైరు అంటారు. పొద్దున బండి తీయకముందు, ఎండ మీద పడకముందు చూడటం ఉత్తమం. ఒక పక్కకు ఎండ తగిలేలా ఆపిన కారులో ఎండ పడిన వైపు టైర్లు నీడ వైపు వాటికన్నా ఎక్కువ చూపిస్తాయి. అది చూసి అటువైపు గాలి వదిలేస్తే సాయంత్రానికి రెండు వైపులా సమానంగా ఉండవు.

వాల్వు మూత తీసి, గేజీ మూతిని నిటారుగా ఒక్కసారిగా నొక్కండి. బుస్సుమని చప్పుడు వస్తూనే ఉంటే మూతి వంకరగా పట్టుకున్నట్టు. బైకు టైరు చిన్నది కాబట్టి కొలిచేటప్పుడు పోయే గాలి కూడా లెక్కలోకి వస్తుంది, చకచకా చేయాలి. నాలుగు టైర్లూ, స్టెప్నీ చూసి, తేదీతో పాటు రాసి పెట్టుకోండి.

దూర ప్రయాణం మధ్యలో, టైర్లు వేడిగా ఉన్నప్పుడు కొలిస్తే అంకె నాలుగైదు ఎక్కువ వస్తుంది. అది ఎక్కువైందని గాలి తీయించకండి. తీయించిన గాలి రాత్రికి చల్లబడ్డాక లోటుగా తేలుతుంది. వేడి టైరులో పట్టికలోని అంకె కన్నా తక్కువ కనిపిస్తే మాత్రం అది నిజంగా దిగిన గాలి, వెంటనే నింపించాలి. పంక్చర్ ఉందేమో కూడా చూడాలి.

నాలుగో మెట్టు: గాలి ఎక్కడి నుంచి పోతోందో తేల్చుకోండి

ఇది దాటవేసి నైట్రోజన్ దగ్గరికి పోయేవారే ఎక్కువ. ‘మా కారులో వారానికోసారి గాలి దిగుతోంది, నైట్రోజన్ కొట్టిస్తే సరిపోతుందా?’ అని అడుగుతారు. సరిపోదు. బాగున్న టైరులోంచి రబ్బరు గుండా నెలకు పోయేది ఒక పీఎస్‌ఐ లోపు. వారానికి మూడు నాలుగు దిగుతోందంటే ఎక్కడో రంధ్రం ఉంది, రంధ్రానికి ఏ వాయువైనా ఒకటే.

పదిహేను రోజుల తేడాతో రెండు చల్లని కొలతలు తీసుకోండి. నాలుగు టైర్లూ సమానంగా కొంచెం తగ్గితే సహజమే, లేదా వాతావరణం చల్లబడింది. ఒక్క టైరే తగ్గితే సబ్బు నీళ్లు కలుపుకోండి. ముందుగా వాల్వు మీద ఒక చుక్క వేయండి. సన్నటి బుడగ మెల్లగా ఉబ్బి పగిలి మళ్లీ ఉబ్బుతుంటే లోపలి పిన్ను వదులైందనో, దానిలో ఇసుక రేణువు ఇరుక్కుందనో అర్థం. ఆ పిన్ను మార్చడానికి అయ్యే ఖర్చు ఒక నైట్రోజన్ టాప్ అప్‌తో సమానం కూడా కాకపోవచ్చు. తర్వాత వాల్వు మొదట్లో రబ్బరును వేలితో వంచి చూడండి, పగుళ్లు ఉంటే వాల్వే మార్చాలి. చివరగా టైరూ రిమ్మూ కలిసే చోట చుట్టూ పోయండి. గుంతల్లో పడి సొట్టపోయిన రిమ్ములకు, తుప్పు పట్టిన ఉక్కు రిమ్ములకు అక్కడే బుడగలు వస్తాయి. టైరు తీసి, రిమ్ము అంచు గీకి, తిరిగి ఎక్కిస్తే సరి.

ఐదో మెట్టు: మీ వాహనానికి ఏది తగినదో నిర్ణయించుకోండి

రోజూ తిరిగే కారు, నెలకు ఒకటి రెండుసార్లు గాలి చూసుకునే అలవాటు ఉంటే మామూలు గాలి చాలు. నైట్రోజన్ వల్ల నష్టం లేదు గానీ, ఇచ్చే డబ్బుకు వచ్చేది కనపడదు. టైరుకు 20 రూపాయల చొప్పున నెలనెలా నాలుగు టైర్లకు టాప్ అప్ చేయించారనుకుందాం. ఏడాదికి 960. పైన చెప్పిన ఒక లీటరు పెట్రోలుతో పోల్చి చూసుకోండి.

ఆగి ఉండే కారు సంగతి వేరు. పిల్లలు అమెరికాలో ఉండి, హంటర్ రోడ్డులోనో నయీంనగర్‌లోనో పెద్దవాళ్ల ఇంటి ముందు గుడ్డ కప్పుకుని నిలబడ్డ కార్లు మన ఊళ్లో తక్కువేమీ లేవు. నెలకోసారి భద్రకాళి గుడికి వెళ్లి రావడం తప్ప వాటికి పని ఉండదు. వంగి గేజీ పెట్టే ఓపిక ఆ ఇంట్లో వాళ్లకు ఉండకపోవచ్చు. అలాంటి కారుకు నైట్రోజన్ సరిగ్గా ఒకసారి నింపించడం అర్థవంతమైన ఖర్చే. గాలి నెమ్మదిగా దిగుతుంది, లోపల తేమ లేకపోవడం వల్ల ఉక్కు రిమ్ము, వాల్వు పిన్ను తుప్పు పట్టవు. స్టెప్నీకి కూడా ఇదే మాట. ఎవరూ చూడని టైరు ఏదైనా ఉందంటే అది స్టెప్నీయే.

బైకు, స్కూటర్, ఆటోలకు వద్దనే చెబుతాను. ట్యూబు టైర్లకు పంక్చర్ పడినప్పుడల్లా నింపించిన నైట్రోజన్ అంతా పోతుంది, పంక్చర్ వేసినతను మామూలు గాలే కొడతాడు.

ట్రాక్టర్ల సంగతి అడగనే అక్కరలేదు. దమ్ము చేసేటప్పుడు పట్టు కోసం పెద్ద టైర్లలో నీళ్లే నింపుకునే రైతులున్న చోట నైట్రోజన్ ఊసెందుకు? పొలంలో ఒక పీడనం, ట్రాలీ కట్టి ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తోలేటప్పుడు ఇంకో పీడనం అన్నది పాటిస్తే అంతకు మించిన మేలు లేదు.

లారీల దగ్గర మాత్రం నైట్రోజన్‌కు కొంత వాదన ఉంది. వాటి టైర్లలో పీడనం 100 పీఎస్‌ఐకి పైనే ఉంటుంది. అంత ఒత్తిడితో ఆక్సిజన్ టైరు లోపలి పొరల్లోకి చొరబడి రబ్బరును ముదరబెడుతుంది, తేమ తోడైతే ఉక్కు తీగలు దెబ్బతింటాయి. టైరు మొండాన్ని కాపాడుకుని రెండు మూడుసార్లు రీట్రెడింగ్ (అరిగిన టైరుకు పైన కొత్త రబ్బరు పొర వేయడం) చేయించుకునే యజమానికి అది లాభమే. కాకపోతే కరీంనగర్ గ్రానైటు దిమ్మెలు పరిమితికి మించి ఎక్కించే లారీకి ఈ లెక్కలేవీ వర్తించవు.

ఆరో మెట్టు: నైట్రోజన్ అయితే ఇలా నింపించండి

ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. టైరులో 26 పీఎస్‌ఐ మామూలు గాలి ఉంది, బంకులో నైట్రోజన్ గొట్టం పెట్టి 32 చేయించారు. ఇప్పుడు లోపల నైట్రోజన్ ఎంత? ముందు 78 శాతం ఉన్నది 81 శాతానికి కూడా చేరదు. మీరు కొన్నది ఆరు పీఎస్‌ఐ పొడి వాయువు, అంతే. నైట్రోజన్ టైరు కావాలంటే పాత గాలిని పూర్తిగా వదిలించాలి.

దుకాణానికి వెళ్లగానే రెండు మాటలు అడగండి. యంత్రం మీద శుద్ధత ఎంత చూపిస్తోంది? పాత గాలి తీసేసి నింపుతారా, పైన కలుపుతారా? కొన్ని యంత్రాల్లో గాలి తీయడం, నింపడం తనంతట తాను రెండు మూడుసార్లు చేసే మీట ఉంటుంది. ఉంటే అదే వాడమనండి.

అది లేకపోతే చేతితో చేయించాలి. చక్రాన్ని జాకీ మీద లేపించండి. బండి బరువు టైరు మీద ఉండగా గాలంతా తీస్తే ట్యూబ్‌లెస్ టైరు అంచు రిమ్ము నుంచి ఊడిరావచ్చు, పక్కగోడ నలుగుతుంది. లేపాక వాల్వు పిన్ను తీసి చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఉండండి. చప్పుడు ఆగినా టైరు ఖాళీ కాలేదు, బయటి వాతావరణంతో సమానమైన పీడనంలో పాత గాలి లోపల ఉండిపోతుంది. యంత్రం 98 శాతం నైట్రోజన్ ఇస్తోందనుకుంటే, 32కు నింపిన తర్వాత లోపల 92 శాతం దగ్గర ఉంటుంది. మళ్లీ పూర్తిగా తీసి మరోసారి నింపితే 96. మూడోసారికి పెరిగేది స్వల్పం, పట్టుబట్టనక్కరలేదు. ఒక్కసారి నింపి ‘వంద శాతం నైట్రోజన్’ అని రసీదు ఇస్తే నవ్వి ఊరుకోండి.

నాలుగు టైర్లతో పాటు స్టెప్నీ కూడా చేయించండి. పిన్ను తిరిగి బిగించాక సబ్బు చుక్క వేసి చూడమనండి. మూత పెట్టడం మరవకండి, దుమ్ము పిన్నులోకి పోకుండా ఆపేది అదే. నైట్రోజన్‌కు గుర్తుగా ఆకుపచ్చ మూతలు పెడతారు.

మీరు దుకాణానికి నడిపించుకుని వెళ్లారు కాబట్టి టైర్లు వెచ్చగా ఉంటాయి, అక్కడ పెట్టిన 32 ఇంటికొచ్చి చల్లబడితే 30 కావచ్చు. అందుకని రెండు మూడు ఎక్కువ పెట్టించుకుని, మర్నాడు పొద్దున మీ గేజీతో కొలిచి, ఎక్కువ ఉంటే పిన్ను నొక్కి వదిలించుకోండి. ఆ తర్వాత కూడా నెలకోసారి కొలత తప్పదు.

దారిలో గాలి తగ్గి, చుట్టుపక్కల నైట్రోజన్ దొరకకపోతే? తాడ్వాయి అడవి మధ్య నైట్రోజన్ కోసం వెతుకుతూ తక్కువ గాలితో పది కిలోమీటర్లు నడపడం కన్నా మామూలు గాలి కొట్టించడమే మేలు. రెండూ కలిస్తే ఏమీ కాదు. 96 శాతం ఉన్న టైరులో 28 నుంచి 32కు మామూలు గాలి కలిపితే 94 పైచిలుకు ఉంటుంది.

ఏడో మెట్టు: మామూలు గాలి అయితే పొడి గాలి ఎంచుకోండి

అన్ని ఉచిత గొట్టాలూ ఒకటి కావు. గాలి పట్టే ముందు గొట్టం మూతిలోని పిన్నును రెండు క్షణాలు నొక్కి అరచేతి మీదికి వదలండి. చర్మానికి చల్లగా మాత్రమే తగిలితే సరే. సన్నటి తుంపర పడి, అరచేయి తుడుచుకుంటే తుప్పు రంగు మరక కనిపిస్తే ఆ కంప్రెసర్ ట్యాంకు నీటిని చాలాకాలంగా వదలలేదని అర్థం. అక్కడి నుంచి వచ్చేయండి. పరిచయమున్న పంక్చర్ షాపు అయితే ట్యాంకు అడుగున ఉన్న మరను తిప్పమని అడగండి. వర్షాకాలంలో అందులోంచి ఎర్రటి నీళ్లు ధారగా వస్తే ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు.

ఇంటి దగ్గరే పెట్టుకునే చిన్న కంప్రెసర్లు ఇప్పుడు విరివిగా దొరుకుతున్నాయి. కారు సాకెట్‌కు తగిలించుకుంటే అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది. చల్లని టైరుకు, సొంత గేజీతో, కావలసినంతే కొట్టుకోవచ్చు. నైట్రోజన్ కన్నా ముందు నేను దీనికే ఓటు వేస్తాను.

ఎనిమిదో మెట్టు: కాలాన్ని బట్టి, బరువును బట్టి

‘ఎండాకాలం కదా, రెండు తగ్గించి కొట్టించండి, లేకపోతే పేలుతుంది’ అన్న సలహా ఏప్రిల్ రాగానే ప్రతి చౌరస్తాలో వినిపిస్తుంది. దీన్ని మాత్రం వినకండి. గాలి తక్కువైన టైరు తిరిగే ప్రతి చుట్టుకూ పక్కగోడ మడత పడి లేస్తుంది. ఆ మడతలోంచే వేడి పుడుతుంది. జాతీయ రహదారి 163 మీద మధ్యాహ్నం వేగంగా పోయేటప్పుడు ఆ వేడి పేరుకుని, పక్కగోడలోని పొరలు విడిపోయి టైరు పేలుతుంది. అంటే పేలుతుందన్న భయంతో గాలి తగ్గించినవారు దానికి దగ్గరి దారి వెతుక్కున్నట్టే. ఎండకు పెరిగే నాలుగైదు పీఎస్‌ఐని టైరు తయారుచేసినవారు ముందే లెక్కలో వేసుకున్నారు. పట్టికలోని అంకె ఏ కాలానికైనా అదే. కాకపోతే దాన్ని ఆ రోజు పొద్దున చల్లని టైరులో చూడాలి.

చలికాలం మొదట్లో, అంటే దీపావళి దాటాక, ఒకసారి తప్పనిసరిగా చూడండి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు ఉండేవారికి ఇది మరీ ముఖ్యం. కారులో పీడనం సూచించే దీపం ఉంటే డిసెంబరు పొద్దున అది వెలిగి, కాస్త దూరం నడిచాక ఆరిపోవడం మామూలే. ఆరింది కదా అని వదిలేయకుండా మర్నాడు పొద్దున నింపుకోండి.

మేడారం జాతరకు ఏడుగురు ఎక్కి, డిక్కీలో బెల్లం, బియ్యం, వంట సామాను, పైన గుడారం గుడ్డలతో బయల్దేరే కారుకు ఒంటరిగా ఆఫీసుకు వెళ్లే రోజుల అంకె సరిపోదు. పట్టికలో నిండు బరువుకు వేరే అంకె ఉందని చెప్పుకున్నాం, వెనుక టైర్లకు ముఖ్యంగా. బయల్దేరే రోజు పొద్దున ఆ అంకెకు పెంచి, తిరిగొచ్చాక దించండి. ఎంతమంది ఎక్కవచ్చో వాహనం పుస్తకంలో ఉంటుంది. ఆ హద్దు దాటితే ఏ పీడనమూ మిమ్మల్ని కాపాడదు.

గాలితో పాటు టైరును కూడా చూడండి. పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే అది 2021లో 23వ వారంలో తయారైన టైరు. గాడుల మధ్య చిన్న గట్లలాంటివి ఉంటాయి, అరుగుదల వాటి దాకా వస్తే కారు టైరులో గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరినట్టు, ఇక మార్చాల్సిందే. పక్కగోడ మీద కోడిగుడ్డంత ఉబ్బు కనిపిస్తే నైట్రోజనా, గాలా అన్న చర్చ ఆపి నేరుగా టైరు దుకాణానికి వెళ్లండి.

వెనక్కి మామూలు గాలికి రావాలనుకుంటే

ప్రత్యేకంగా చేయాల్సిందేమీ లేదు. ఉన్నది తీయించనక్కరలేదు, తగ్గినప్పుడల్లా మామూలు గాలి కలుపుతూ పోతే క్రమంగా అదే మారిపోతుంది. ఆకుపచ్చ మూతలు మాత్రం మార్చి నల్లవి పెట్టించుకోండి. లేకపోతే వాటిని చూసి బంకు కుర్రాడు ఉచిత గొట్టం వదిలేసి రెండో గొట్టం అందుకుంటాడు.